గాలి ఆగిన చోటు

"నేనొక్కదాన్నే లోపలికి వెళ్తానన్నయ్యా. నువ్వు కార్లోనే ఉండు," అంది సుచిత్ర.

త్రినాధరావు తలూపి, కశింకోట దాటాక చెరకు తోటల మధ్య సందులోకి బండి తిప్పాడు. ఎవరినీ దారి అడగలేదు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే మనిషికి ఈ చుట్టుపక్కల తెలియని వాకిలి ఉండదు.

సుచిత్ర దారంతా ఒకటే మాట లోలోపల వల్లె వేసుకుంటోంది. 'మీ అబ్బాయి ఇక రాడమ్మా.' ఆ మాట ఎవరో పరాయివాళ్ళు ఫోన్లో ఆ తల్లి చెవిన వేయకూడదు. ఆఖరి క్షణంలో సాయి పక్కన ఉన్నది తను. చెప్పవలసిందీ తనే.

ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి గంధకం వాసన పోవడం లేదు. కళ్ళు మూసుకుంటే బూడిద నేల, దాని పగుళ్ళలోంచి తెల్లగా లేచే ఆవిరి. తెరిస్తే, వెనక సీట్లో సాయి కూర్చుని గాజుసీసాలు సర్దుకుంటున్న చప్పుడు. రెండుసార్లు తిరిగి చూసింది. సీటు ఖాళీగా ఉంది.

సాయి తల్లి వరహాలక్ష్మి గానుగ పాక ముందు నిలబడి ఉంది. యాభై దాటిన గట్టి మనిషి. వెనక పెద్ద పెనంలో చెరకు రసం కుతకుత ఉడుకుతోంది.

"అమ్మా, నేను సుచిత్రని. సాయి, నేను ఒకే ల్యాబ్‌లో పనిచేస్తాం."

ఆమె సుచిత్ర మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "రా తల్లీ. నీ గురించి మా ఎంకటసాయి సెప్తుంటాడు. లోనకి రా."

కిటికీ పక్కన, గాలి బాగా తగిలేచోట కుర్చీ వేసి ఉంది. ఎదురుగా గోడకు ఒట్టి మేకు, దాని కింద పటం మేర వెల్ల మాయని చదరం. దండెం మీద సాయి నీలం చొక్కా. ఆ చొక్కా ఇంకా ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

వరహాలక్ష్మి కాఫీ తెచ్చి ఇచ్చింది. బెల్లం వండే ఇంట్లో తీపి లేని కాఫీ. తనకు అలాగే ఇష్టమని సాయి చెప్పి ఉంటాడు.

"వానలైనా పడలేదు, అప్పుడే గానుగ మొదలెట్టారా?"

"ఈ ఏడు తొందరగా కోసేం లే," అంది వరహాలక్ష్మి, ఎదురుగా చాప మీద కూర్చుంటూ. "ఆడు ఆ పెనం కాడే కూకుని సదువుకునేవోడు. పాకం పొంగే ముందు బుడగ మారతాదే అమ్మా అనేవోడు. కొండ కూడా అంతేనంట గదా?"

"అంతేనమ్మా. లోపల కరిగిన రాయి ఉంటుంది, మాగ్మా అంటాం. అది పైకి రాకముందే అందులోని వాయువులు బయటికొచ్చేస్తాయి. ముందు కార్బన్ డయాక్సైడ్, మాగ్మా పైకొచ్చేకొద్దీ గంధకం. ఆ రెండింటి పాళ్ళు చూస్తే కొండ ఎప్పుడు పేలుతుందో ముందే పసిగట్టొచ్చని సాయి..."

మాట ఆగిపోయింది. తను వచ్చింది పాఠం చెప్పడానికి కాదు. తలుపు వెనక ఎవరో నిలబడి వింటున్నట్టు అనిపించింది. అటు చూడటానికి ధైర్యం చాలలేదు.

వరహాలక్ష్మి తొందరపెట్టలేదు. సుచిత్ర మోకాలి మీద చెయ్యి వేసింది. "సెప్పు తల్లీ. ఏటో సెప్పాలనే వచ్చేవు."

"మొన్న అండమాన్ దగ్గర దీవికి వెళ్ళాం. అక్కడి కొండ మీద ఒక గుంట ఉంది. పైన ఎప్పుడూ గాలి కొడుతూనే ఉంటుంది. సాయి సీసా నింపడానికి దిగాడు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆ కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువమ్మా. గుంటలో నీళ్ళలా నిలిచిపోతుంది. రంగుండదు, వాసనుండదు. సాయి నిలబడ్డవాడు నిలబడ్డట్టే మోకాళ్ళ మీద కూలబడ్డాడు."

"ఏటైనా అన్నాడా?"

"చెయ్యి ఊపాడు. రావద్దు, పైకెళ్ళిపొమ్మని."

"నువ్వెళ్ళిపోయేవా?"

"లేదమ్మా. దిగాను. చొక్కా పట్టుకుని లాగాను. ఆ తరవాత..."

సుచిత్ర నుదురు రుద్దుకుంది. ఆ తరవాత ఏం జరిగిందని వెతికితే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ దొరకడం లేదు.

"పడవలో కళ్ళు తెరిచాను. సాయి నా పక్కనే ఉన్నాడు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది. సాయి ఇక రాడమ్మా."

వరహాలక్ష్మి అరవలేదు. గుండెలు బాదుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ధారగా కారాయి. లేచి వచ్చి సుచిత్ర తలను పొట్టకు అదుముకుంది.

"ఆడు ఒంటరిగా పోలేదు," అంది మెల్లగా. "పక్కన నువ్వున్నావు. నాకది సాలు."

సుచిత్ర వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చాక గుండె మీంచి బండ దింపినట్టయింది. తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ముక్కుకు గంధకం తగలడం లేదు. ఉడుకుతున్న బెల్లం వాసన ఒక్కటే ఇల్లంతా నిండి ఉంది.

"మళ్ళీ వస్తానమ్మా."

"రా తల్లీ. నీ ఇల్లే ఇది."

త్రినాధరావు దిగి, చెల్లెల్ని కారులో కూర్చోబెట్టి, అద్దాలు ఎక్కించాడు. తలుపు మూసి, వరహాలక్ష్మి దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

కారులో సుచిత్ర సీటుకు తల ఆనించి ప్రశాంతంగా కళ్ళు మూసుకుంది. ఆమెనే చూస్తూ వరహాలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు సెప్పేసిన సంగతి ఈ పిల్ల మళ్ళీ మర్సిపోతే, ఎప్పట్లాగే తీసుకురా బాబూ."