కొండచిలువతో పేచీ

మా ఆయన ముద్దుగా పెంచిన కొండచిలువ మళ్ళీ నా చేతి మీదకి దూకింది. గాజుపెట్టె మూత ధడాలున వేసి, "నీ మొహం మండ!" అని అరిచాను.

దాన్ని ఆయనకి అమ్మిన వగీహ్ నవ్వాపుకుంటూ అడిగాడు. "ఇవాళ ఏం వండావు వదినా?"

"కుందేలు మాంసం, ములూఖియా ఆకు పులుసు."

"అదీ సంగతి! చేతులు కుందేలు వాసన కొడుతుంటే కరవక ముద్దుపెట్టుకుంటుందా? సబ్బుతో కడుక్కురా."

కడుక్కొచ్చాను. అతను చెప్పినట్టే కొంకికర్రతో దాని వీపు మీద మెల్లగా తట్టి, చెయ్యి పెట్టాను. బుస్సుమంది. ఆయన మెడలో కండువాలా పడుండేది, నా దగ్గరే దీని వేషాలన్నీ!

"నువ్వు కట్టి విడిచిన బట్ట ఏదైనా పెట్టెలో పడెయ్ వదినా. నీ వాసన అలవాటైతే అదే దారికొస్తుంది. లేదంటే నేనే పట్టుకుపోతా. మనిషే పోయాక నీకెందుకీ తలనొప్పి?"

"పట్టుకుపో. పామెవడిక్కావాలి? చావుకొచ్చిన మా ఆడపడుచు, పుణ్యమని ఆయన బట్టలన్నీ ఉతికి మరీ బీదవాళ్ళకి పంచేసింది. మిగిలింది ఒక్క బనీను."

"ఏదీ?"

"దానికి అలవాటవ్వాలని ఆయన విడిచి పెట్టెలో వేసింది. చూడు, దాని మీదే ఎలా చుట్టుకు పడుకుందో! నన్ను ముట్టుకోనివ్వదు."

వగీహ్ పాముని రెండు చేతులా పైకెత్తాడు. బనీను లాక్కుని మొహానికి అదుముకున్నాను.

ఒట్టి పాము వాసన.