మాట ఆడేంత వేగం

"వేగం పెంచుతున్నాను బాబాయ్ గారూ," అంటూ సుక్‌హీ ట్రెడ్‌మిల్ మీటకేసి చెయ్యి చాచింది. దాని మీద నడుస్తున్న కిచాంగ్ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కథ మధ్యలో ఉన్నాను టీచరమ్మా. పరిగెత్తిస్తే మాటెలా వస్తుంది?"

"రాకూడదనే. రొప్పు వచ్చేలా నడవాలి. ఇలా కబుర్లాడుతూ నడిస్తే కొవ్వు ఎప్పటికి కరగాలి?"

కరగకూడదనే కదా అతని తాపత్రయం. కొరియాలోని గున్‌సాన్ ఊళ్ళో ఆరోగ్య కేంద్రం వాళ్ళు పెట్టిన ఈ ఉచిత వ్యాయామ తరగతి పన్నెండు వారాలు. నాలుగు కిలోల కొవ్వు తగ్గినవాళ్ళకు చప్పట్లు కొట్టి, పట్టా ఇచ్చి పంపేస్తారు. తగ్గనివాళ్ళకు మరో పన్నెండు వారాలు. భార్య పోయాక కిచాంగ్‌తో నాలుగు ముక్కలు మాట్లాడే మనిషి సుక్‌హీ ఒక్కతే. ఇంట్లో మాట్లాడేది రైస్ కుక్కర్. అది "అన్నం అయింది" అని పలికితే తను "అలాగేనమ్మా" అంటానని అతనే చెప్పాడు. సుక్‌హీ నవ్వింది. అతనూ నవ్వాడు, పాపం.

మిగతావాళ్ళు ఇరవై నిమిషాలు రొప్పి, చెమట తుడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కిచాంగ్ మాత్రం తొమ్మిదింటికి ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకే దిగేవాడు. భార్య కిమ్చీ పచ్చడి పెట్టే తీరు, ఆమె అలకలు, ఆసుపత్రిలో ఆఖరి రోజులు, అన్నీ తీరిగ్గా చెప్పేవాడు. పక్క యంత్రాలు తుడుస్తూ సుక్‌హీ ఊఁ కొట్టేది.

ఆఖరి రోజు కొలతలు. కిచాంగ్ కొవ్వు చూసే యంత్రం ఎక్కాడు. యంత్రం లోంచి కాగితం వచ్చింది. సుక్‌హీ దాన్ని చాలాసేపు చూసింది.

"ఏం లాభం లేదు బాబాయ్ గారూ. ఏమీ తగ్గలేదు. సోమవారం నుంచి మళ్ళీ మొదలు."

"నా ఒళ్ళు మొండిదమ్మా," అని కిచాంగ్ బోలెడు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. జారిపోతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని హుషారుగా మెట్లు దిగాడు.

సుక్‌హీ కాగితం మడిచి జేబులో దాచుకుంది. నిదానపు నడకే అయినా రోజూ మూడు గంటలు నడిచాడు మరి. ఐదు కిలోల కొవ్వు కరిగింది.

ఆ సాయంత్రం ఆమె ఒంటిగది ఇంట్లో కుక్కర్ "అన్నం అయింది" అని పలికింది.

"అలాగేనమ్మా," అంది సుక్‌హీ.