తలుపు ఏ వైపు?

"మీ ఇంటికి ముందు తలుపు ఏ వైపు ఉంటుందమ్మా?"

తుపాకీ కొనడానికొచ్చిన ఆడమనిషి ఉలిక్కిపడింది.

అడిగింది షాపువాడు కాదు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్న ముసలాయన. ఒళ్లో పాత ఫ్లాస్కు, మోకాలి మీద టోపీ.

"మీకెందుకు?" అంది ఆవిడ.

"ఇంటి రక్షణకే కదా కొంటున్నారు? నడవా ఇరుకైతే పొట్టి గొట్టం కావాలి. పక్క గదిలో పిల్లలుంటే తూటా గోడ దాటకూడదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"మా ఆయన లారీ ఎక్కాడంటే వారం దాకా రాడు. నేనూ, ఇద్దరు పిల్లలూ. ఆ వెనక తలుపు గడియ ఒకటి, సరిగ్గా పడి చావదు..."

మొదలుపెట్టి పావుగంట చెప్పింది. వింటున్నకొద్దీ ముసలాయన మొహం తేటపడింది.

"ఆ ఇరవై గేజ్ చిన్న తుపాకీ ఇవ్వు కర్ట్, భుజం మీద తన్నదు. పిల్లలకు అందకుండా తాళం పెట్టె కూడా ఇవ్వు. ముందు ఆ గడియ బాగుచేయించుకోండమ్మా."

ఆవిడ వెళ్లేదాకా కర్ట్ బిల్లు రాస్తూ ముసలాయన్నే ఓరగా చూశాడు.

మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో తుపాకుల షాపు అదొక్కటే. కర్ట్ దాని యజమాని. ముసలాయన పేరు ఓర్విల్ అనీ, కొండ అవతల నుంచి వస్తాడనీ తప్ప అతనికి మరేమీ తెలియదు. నెల రోజులుగా రోజూ వస్తున్నాడు. ఏమీ కొనడు. వేటగాళ్లను పలకరించనైనా పలకరించడు. ఇంటి కోసం అని ఎవరైనా అంటే మాత్రం లేచి వస్తాడు. తలుపులెన్ని, కుక్క ఉందా, ఇంట్లో ఎవరుంటారు, ఎప్పుడుండరు. ఒకటే ఆరా.

ఆ వారమే ఏటి ఒడ్డున రెండిళ్లలో దొంగలు పడ్డారు.

ఇంకేముంది, కర్ట్‌కి అనుమానం పట్టుకుంది.

"పెద్దాయనా, రేపట్నుంచి ఇటు రాకు."

"నేనేం చేశాను?"

"ఊళ్లో ఇళ్ల గుట్టంతా లాగుతున్నావు. ఎవరికి చేరవేస్తున్నావేంటి? షెరీఫ్‌ని పిలవమంటావా?"

ఓర్విల్‌కి కోపం రాలేదు. మెల్లగా లేచి టోపీ పెట్టుకున్నాడు.

"వెళ్తాలే అబ్బాయ్. ఒక్క మాట విను. ఇంటి కోసం తుపాకీ కొనేవాడు ఇంటి గురించి మాట్లాడతాడు. ఆపమన్నా ఆపడు. మాట్లాడనివాడికి మాత్రం ఆ రోజు అమ్మకు. రేపు రమ్మను."

"నాది షాపు. చర్చి కాదు."

ముసలాయన ఫ్లాస్కు మర్చిపోయి వెళ్లిపోయాడు. కర్ట్ దాన్ని బల్ల కిందికి తోసేశాడు.

మూడు రోజులకు హోలిస్ వచ్చాడు. కర్ట్‌కి చిన్ననాటి స్నేహితుడు. పోయిన చలికాలం మంచుకు అతని పశువుల మందలో సగం పోయింది. నెల తిరక్కుండా భార్యా పోయింది. అప్పట్నుంచి ఎవరికీ కనిపించనివాడు, ఇవాళ నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కుక్కని వెంటపెట్టుకుని వచ్చాడు.

కర్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఒరేయ్, మళ్లీ మనిషివయ్యావురా!"

"ఇంటికొక షాట్‌గన్ ఇయ్యరా."

"నీ దగ్గర నాలుగుండాలిగా?"

"మా అక్క పట్టుకుపోయింది."

"ముసల్దానికి ఇప్పుడు వేట పిచ్చి పట్టిందా!"

హోలిస్ కూడా నవ్వాడు.

"పన్నెండు గేజా, ఇరవయ్యా?"

"ఏదైనా ఒకటే."

"పొట్టిదా, పొడుగుదా?"

"నీ ఇష్టం."

"దొంగల భయమా?"

"ఊఁ."

"తూటాలు?"

"చిన్న డబ్బా చాలు."

హోలిస్ ఫారం నింపాడు. అక్షరాలు పొందిగ్గా ఉన్నాయి. కొనేవాడి మీద కేసులేవీ లేవని చూసే సర్కారు ఆఫీసుకు కర్ట్ ఫోన్ చేసి, సరే అనిపించుకుని, కింద తనూ సంతకం పెట్టాడు.

"పెప్పర్‌ని నాలుగు రోజులు నీ దగ్గర ఉంచుకోరా. అక్క వాళ్లింటికి వెళ్తున్నా."

హోలిస్ వంగి కుక్క తల చాలాసేపు నిమిరాడు. గొలుసు కర్ట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కర్ట్ ఎండుమాంసం ముక్క వేస్తే పెప్పర్ ముట్టలేదు. తలుపు దగ్గర కూర్చుని మూలగసాగింది.

దాన్ని చూస్తుంటే కర్ట్‌కి ఎక్కడో తేడా కొట్టింది. దొంగల భయమున్నవాడు కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తాడా? ఊరెళ్లేవాడికి ఇవాళే తుపాకీ ఎందుకు? ఆ తుపాకుల్ని వాళ్లక్క ఎందుకు పట్టుకుపోయినట్టు?

ఇంటి గురించి హోలిస్ ఒక్క ముక్క మాట్లాడలేదు.

కర్ట్ హోలిస్‌కి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. షాపు తలుపైనా వేయకుండా పికప్ ఎక్కి పన్నెండు మైళ్లు తోలాడు.

హోలిస్ గేటు దగ్గర షెరీఫ్ ఆఫీసు బండి అప్పటికే ఉంది. డిప్యూటీ కర్ట్‌ని చూసి టోపీ తీశాడు.

"వాళ్లక్క ఫోన్ చేసిందని వచ్చాం. మేం వచ్చేసరికే కాల్చేసుకున్నాడు కర్ట్."

కర్ట్ గేటు తోసుకుని లోపలికి వెళ్లబోతే అతను అడ్డం నిలిచాడు.

"ఈ ఏడాదిలో ఇది రెండోది" అన్నాడు డిప్యూటీ. "వేసవిలో కొండ అవతల స్టెన్‌రూడ్ కుర్రాడు. పాపం, వాడూ ఇంటి కాపలాకే అని కొన్నాడట."

కర్ట్ షాపుకి ఎలా తిరిగొచ్చాడో అతనికే తెలియదు. పొయ్యి చల్లారిపోయింది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. మాట్లాడనివాడిని ఆ ముసలాయన ఒక్క చూపుతో పట్టేసేవాడు. కాళ్లు పట్టుకునైనా పిలుచుకు రావాలి, కానీ కొండ అవతల ఎక్కడని వెతకాలి?

బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీశాడు. అడుగున అంటించిన పట్టీ మీద పేరు ఉంది.

ఓర్విల్ స్టెన్‌రూడ్.

ఇనప బీరువా తెరిచి వేసవిలో అమ్మినవాటి ఫారాలు తిరగేశాడు. రస్సెల్ స్టెన్‌రూడ్, వయసు ఇరవై రెండు. కింద అమ్మినవాడి సంతకం తనదే.

కొడుకు చేతికి తుపాకీ అందించినవాడి ఎదుటే, ఒక్క నిష్ఠూరమైనా ఆడకుండా, ఇంకొకరి బిడ్డ కోసం ఆ తండ్రి నెల రోజులు కాపలా కూర్చున్నాడు.