ముందే పడిన ముద్ర

“ఏమే! ఉన్నపళంగా ఇలా రా!”

కేక విని మేస్త్రి భార్య టీ గ్లాసుతో కర్టెన్ తప్పించుకుని వచ్చింది. ముందు గదిలో గడియారాల కొట్టు, వెనక గదిలో సంసారం, మధ్యలో ఆ ఒక్క కర్టెనూ సరిహద్దు. మేస్త్రి కుడికంటికి భూతద్దం బిగించుకుని ఎడమకంటితో భయపడుతున్నాడు.

“ఈ గడియారం మూత లోపల చూడు. ఎవరి గుర్తు?”

ఆవిడ వంగి చూసింది. సన్నటి నెలవంక, పక్కన తేదీ.

“మీదే.”

“తేదీ?”

ఆవిడ గోడకేసి చూసింది. రోజుకో కాగితం చింపే క్యాలెండరు, పద్దెనిమిది దగ్గర ఉంది.

“ఇవాళ్టిదే,” అంది.

“ఇవాళ్టిదే! కానీ దీన్ని నేనింకా బాగుచెయ్యనే లేదే! ఈ అమ్మాయి తెచ్చి పట్టుమని పది నిమిషాలు కాలేదు!”

పని పూర్తయ్యాక, మూత బిగించే ముందు, లోపల సూదిమొనతో తన గుర్తూ తేదీ గీయడం ఆ వృత్తిలో పద్ధతి. రేపు గడియారం తిరిగొస్తే ఎవరి చెయ్యి పడిందో తెలియాలిగా! ముప్ఫై ఏళ్ళుగా మేస్త్రి ముళ్ళ మధ్యే బతుకుతున్నాడు, ఒక్కటీ గుచ్చుకోలేదు. గంటలు కొట్టే గడియారాలతో కొట్టు పెట్టాడు గాని, ఎవరి పొట్టా కొట్టలేదు. అలాంటి మనిషికి ఇప్పుడు గుండె గంట కొడుతోంది.

బల్లకి అవతల కళ్ళజోడు అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. సైన్సులో పెద్ద చదువే చదువుతోందట.

“గోళ్ళు కొరక్కమ్మా. మా అమ్మాయికీ ఇదే జబ్బు. పదో తరగతికొచ్చింది, పదివేళ్ళకీ గోళ్ళు లేవు. ఇంతకీ ఈ గడియారం ఎవరిది?”

“మా నాన్నగారిదండీ. మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.”

“బాగా వాడాడు మీ నాన్న. మూత లోపల అరిగి అరిగి తమలపాకులా అయింది చూడు.”

అమ్మాయి చూడలేదు. మేస్త్రి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏమే, దీనికి రెండే దారులు. ఒకటి, పొద్దునే ఎప్పుడో బాగుచేసి మరిచిపోయాను. అంటే నా మతి పోయింది. మతిలేనివాడు ఒకరి గడియారం మీద చెయ్యి వెయ్యకూడదు. ఇప్పుడే షట్టరు దించి తాళం నీ చేతికిచ్చేస్తాను. మళ్ళీ తియ్యను.”

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. కొట్టు మూస్తే ఈయనకి కాళ్ళూ చేతులూ ఆడవు. కొట్టే ఆయనకి కీ.

“రెండోదో?” అంది.

“సాయంత్రం నేను గీయబోయే గుర్తు పొద్దుటికి వెళ్ళిపోయి కూర్చుంది. కాలంలో వెనక్కి! అమ్మాయ్, సైన్సు చదివావుగా, అలా కుదురుతుందా?”

అమ్మాయి అలవాటు కొద్దీ పాఠం అందుకుంది. “కుదరదండీ. ముందుకైతే వెళ్ళొచ్చు. విపరీతమైన వేగంతో ఎక్కడికో వెళ్ళినవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుంది. తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్ళంతా ముసలైపోయి ఉంటారు. వెనక్కి రావడం మాత్రం...”

మేస్త్రి భార్య దగ్గింది. జలుబు దగ్గు కాదు, కాలు తొక్కే దగ్గు.

“...వెనక్కి రావడం కూడా కుదరొచ్చండీ!”

“ఇప్పుడే కుదరదన్నావు?”

“అది పాత పుస్తకమండీ. కొత్త పుస్తకంలో మార్చారు.”

“మంచిదే. మా గడియారాలకి ఒకటే దిక్కు, మీ పుస్తకాలకి రోజుకో దిక్కు.” మేస్త్రి భార్యకేసి తిరిగి, కళ్ళు చిట్లించి చూశాడు. “అది సరే గాని, నీ జుట్టేమిటే ఇలా నెరిసింది? నిన్నటిదాకా నల్లగానే ఉండేదిగా!”

“మీతో వేగితే ఒక్క పూటలో నెరుస్తుంది. పనిచూడండి.”

“అంటే నాకేం కాలేదన్నమాట. కాలానికే మతిపోయింది!”

“అంతేనండీ!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. భూతద్దం మళ్ళీ కన్నెక్కింది. లోపం రెండు నిమిషాల్లోనే దొరికింది.

“చిన్న మర, సరిగ్గా రెండు చుట్లు వదులైంది. ఎవరో కొలిచి వదులు చేసినట్టుంది!”

మర బిగించాడు. గడియారం ఊపిరి తీసుకుంది. సూది పట్టుకుని మళ్ళీ ఆగిపోయాడు.

“ఇప్పుడు గీయాలా, వద్దా? గీస్తే రెండవుతాయి. గీయకపోతే పొద్దున్నది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అమ్మాయ్, నీ కొత్త పుస్తకం ఏమంటుంది?”

“గీసెయ్యమంటుందండీ. మీ పద్ధతి తప్పొద్దు.”

మేస్త్రి క్యాలెండరు చూశాడు, మూత మీద వంగాడు. మొదటి నెలవంక పక్కన రెండో నెలవంక పొడిచింది. వంపు చూసినా అంకె చూసినా, రెండూ కవలపిల్లలే. ఆ రెంటినీ చూసి తల గోక్కుని, నవ్వి, గడియారం అమ్మాయి చేతికిచ్చాడు.

“మూత నువ్వే నొక్కుకో తల్లీ. మా అమ్మాయి స్కూల్నుంచి వచ్చే వేళైంది, మొహం కడుక్కొస్తాను,” అంటూ కర్టెన్ వెనక్కి వెళ్ళాడు.

అమ్మాయి సొరుగులోంచి పాలిష్ గుడ్డ తీసి మూత లోపల రుద్దసాగింది.

“మర వదులు చేశావు సరే, నిన్న తుడవడం కూడా నీ వంతే,” అంది మేస్త్రి భార్య, గొంతు తగ్గించి.

“మరిచిపోయానమ్మా.”

గోడ మీది ఆ పద్దెనిమిదో తేదీ ఎనిమిదేళ్ళ కిందటిది, ఈ అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పటిది.