వాగు అవతలి అడవి

వాగుకు ఇవతల చారలమ్మ అనే ఉడత దేశం, అవతల కుచ్చుతోక అనే ఉడత దేశం. ఒకే ఏడు రెండూ నేరేడు గింజలు పాతిపెట్టాయి. ఏటికేడు అవతలి అడవి పెరుగుతుంటే చారలమ్మకు కడుపు రగిలిపోయేది. తనవి మొలిచాయో లేదోనని రోజూ అన్నీ తవ్వి చూసుకుని, మళ్లీ పాతేది.

చివరికి ఉండబట్టలేక ఒడ్డుకొచ్చి అరిచింది.

"నీ నేలకి ఏం మందు పెట్టావే?"

"మందేంటి వదినా! తర్వాత తిందామని పాతిపెడతాను, ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. అవే చెట్లయ్యాయి," అంది కుచ్చుతోక.

"ఓస్, ఇంతేనా! మర్చిపోవడంలో నిన్ను మించకపోతే నా పేరు చారలమ్మే కాదు!"

ఆ రోజే గింజలన్నీ మళ్లీ పాతింది. తెల్లారగానే, ఎన్ని మర్చిపోయిందో చూసుకుందామని అన్నీ తవ్వింది.