అడుగులు చూసే మనిషి

యూనివర్సిటీ గ్రౌండులో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, భూమిక సిమెంటు గచ్చు మీదుగా బెంచీ దగ్గరికి వచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆ ముసలాయన మళ్ళీ ఉన్నాడు.

ఆమె తడి అడుగుల మీదికి వంగాడు. అవి ఆరిపోయేలోగా జేబులోంచి కాగితం తీసి, పెన్సిలుతో గబగబా ఏదో గీసుకున్నాడు.

మూడు రోజులుగా ఇదే వరస.

అసలే భూమిక దిగులులో ఉంది. వచ్చే ఆదివారం ఐదు వేల మీటర్ల సెలక్షన్. మొదటి ముగ్గురికే యూనివర్సిటీ టీములో చోటు. ఊళ్ళో వట్టి కాళ్ళతో అందరినీ దాటిపోయిన పిల్ల, షూ వేసుకున్న నెల నుంచి కుంటుతోంది.

తప్పు తనదే. తార్నాకలో షాపతను "వేసుకుని నాలుగడుగులు నడువమ్మా" అన్నాడు. నలుగురి ముందు పగిలిన మడమలు బయటపెట్టలేక, తన చెప్పుకు ఆనించి చూసుకుని, రెండేళ్ళు వస్తాయని ఒక నంబరు పెద్దవి తీసుకుంది. ముందు భాగంలో దూది కుక్కింది. మురికైనప్పుడల్లా సర్ఫులో నానబెట్టి ఎండలో ఆరేసింది. ఇప్పుడవి చెక్కలా బిరుసెక్కాయి.

కోచ్ కరుణాకర్ సార్ రెండుసార్లు అడిగాడు. "సాక్స్ తియ్యమ్మా, పాదం చూద్దాం."

"మంచిగనే ఉన్నది సార్" అంటూ ఆమె కాళ్ళు బెంచీ కిందికి లాక్కుంది.

ఇప్పుడీ ముసలాయన ఒకడు. అడుగు కింది మట్టి తీసుకుపోయి బాణామతి చేస్తారని ఊళ్ళో చిన్నప్పుడు విన్నది. యూనివర్సిటీలో ఆ మాట పైకి అంటే నవ్వుతారు. అందుకే పద్మశ్రీ చెవిలో మెల్లగా చెప్పింది.

లాలాపేట్ నుంచి రోజూ ప్రాక్టీసుకు వచ్చే పద్మశ్రీకి భయమంటే తెలియదు.

"బాణామతి లేదు, ఏం లేదు. ఆడపిల్లల కాళ్ళు చూడనీకి వస్తుండు. నువ్వు గిట్ల మూగదాని లెక్క ఉంటేనే ఇసుంటోళ్ళు ఎక్కువైతున్నరు."

"పోనియ్యే..."

"ఏం పోనిచ్చుడు? ఓ తాతా! గీడ ఏం గీస్తున్నవ్?"

ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. కాగితం జేబులో దాచుకున్నాడు.

"ఏం లేదు బిడ్డా... కరుణాకర్ సార్..."

"సార్ వరంగల్ పోయిండని తెలిసే ఆయన పేరు చెప్తున్నవా? మస్తు హుషారున్నవ్! ఇంట్ల ఆడపిల్లలు లేరా నీకు?"

ఆయన ఒక్కసారి భూమిక వైపు చూసి తల దించుకున్నాడు.

వాచ్‌మన్ వచ్చి, భుజం పట్టుకుని గేటు దాకా నడిపించాడు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

'ఆయన నన్నేమీ అనలేదు' అని చెప్పాలనుకుంది భూమిక. కానీ ఆ నవ్వులు విని, షూ లేసులు కట్టుకుంటూ వంగిపోయింది.

ఆదివారం తొమ్మిదో రౌండు దాకా ఆమె రెండో స్థానంలో ఉంది. పదో రౌండులో మోకాలి కింద కత్తి దిగినట్టయింది. కుంటుకుంటూ ఆరో స్థానంలో గీత దాటింది.

వరంగల్ నుంచి తిరిగొచ్చిన కరుణాకర్ సార్ ఆమె షూలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇదేంది? ఇమ్మానుయేల్ నీకు షూ లోపలేసే కొత్త సోల్ చేసి ఇయ్యలేదా?"

"ఎవరు సార్?"

"తార్నాక గల్లీల బూట్లు కుట్టే ముసలాయన. పాదం వంపు ఎంతున్నదో తడి అడుగుల తెలుస్తది. నువ్వు కాళ్ళు చూపియ్యవు గదా, అడుగులు చూసి కొలత తియ్యమన్న. నీకు చెప్పొద్దని గూడ నేనే అన్న. చెప్తే ఆ కుళాయి కాడికే రావు నువ్వు. ఏమైంది మరి? నాకు ఫోన్ల గూడ ఏం చెప్పలేదే!"



ఆ మధ్యాహ్నం భూమిక అడ్రసు అడుక్కుంటూ ఒక్కతే గల్లీలోకి వెళ్ళింది. చిన్న దుకాణం. కుట్టుమిషను ముందు ముప్పై ఏళ్ళ ఆమె కూర్చుంది. వెనక తెర వేసి ఉంది.

"నాయిన బయటికి పోయిండు. ఏం కావాలె?"

"నేను... గ్రౌండుల... భూమికను అక్కా."

మిషను ఆగింది. తిడుతుందనుకుంది భూమిక. ఆమె తిట్టలేదు. లేచి, లావు అడుగున్న నల్ల బూట్లతో నెమ్మదిగా నడిచి, అలమారలోంచి పొట్లం తెచ్చింది. అందులో రెండు సోల్స్.

"ఇవి తయారై నాలుగు రోజులైంది. రెండుసార్లు గేటు కాడికి తెచ్చిండు, వాచ్‌మన్ రానియ్యలేదు. ఆ వాచ్‌మన్ చేతికే ఇయ్యి నాయినా అన్న. ఆడపిల్ల పేరు ఇంకోసారి అందరి నోట్ల ఎందుకన్నడు."

భూమిక చూపు ఆ నల్ల బూట్ల మీదే ఉండిపోయింది. ఆమె అది గమనించింది.

"పుట్టినప్పుడు నా పాదాలు లోపలికి తిరిగి ఉండె. చూసినోళ్ళంత మొఖం తిప్పుకునేటోళ్ళు. ఆపరేషన్లు డాక్టర్లు చేసిన్రు, బూట్లు నాయిన కుట్టిండు. నేను తానం చేసొస్తుంటే ఎనక వంగి వంగి, తడి అడుగులు గీసుకునేటోడు. నాకోసమే నేర్చిండు ఆ పని."

భూమిక పొట్లం అందుకుంది.

"నాయిన ఎప్పుడొస్తడక్కా? తప్పైందని చెప్పాలె."

ఆమె తెర వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఎక్కడికీ పోలే చెల్లె. గల్లీ మొగన నిన్ను చూసి, బిడ్డ మళ్ళ భయపడ్తదని లోపల కూసున్నడు."