నల్లగొర్రె మీద కొసరు

ఆ ఆదివారం కోస్గి సంతలో నా చేతిలో మిగిలింది ఒక్క పొట్టిచెవుల నల్లగొర్రె. జన్యుచీటీ లేని జీవాన్ని ఇప్పుడెవరూ కొనరు. గేటు దగ్గరి యంత్రం దాని రక్తపు చుక్క చూసి, "ఈ జాతి తెలియదు" అంది. ఇక దాన్ని మేపడం దండుగే అనుకున్నాను.

యంత్రం పక్కన కూర్చుని జన్యువుల మీద పరిశోధన చేసే పోస్ట్‌డాక్ సుభాషిణి మాత్రం లేచి వచ్చింది. దేశమంతా ఒకే మేలుజాతి గొర్రెలు నిండాయి. కొత్త జన్యువులు దొరక్క ఆమె కొలువు ఈ నెలతో ముగుస్తోంది.

"కాకా, అమ్ముతవా?"

"అమ్మితే ఒక్కపారే పైసలు బిడ్డా. దీని రక్తం కిరాయికిస్త. ఏటేటా ఇయ్యాలె."

"సరే. మరి కొసరు?"

"ఏముంది కొసరియ్య? తోక గూడ పొట్టిదే."

"మీ ఇంట్ల తాతల కాలం నుంచి ఈ జాతి పాలే తాగిండ్రు గద. నీ ఉమ్మి గూడ ఇయ్యి, రెండూ కలిపి చూస్త."

"ఇంత సదివి గూడ కొసరడుగుతవా" అంటూనే ఆమె సీసాలో ఉమ్మాను.

కొత్త జన్యువులు దొరికి ఆమె కొలువు మూడేళ్ళు పెరిగింది. నాకు ఏటా కిరాయి వస్తోంది. గొర్రె నా దొడ్లోనే ఉంది, రెండు పిల్లల్ని ఈనింది. నష్టం కింద రాయాల్సింది ఆ ఉమ్మి ఒక్కటే.